ఉపాధ్యాయుడు గది దాటిన తరువాత

నాయకత్వాన్ని గూర్చి విచారించిన వారు సాధారణంగా రాజులను, సేనానులను, మంత్రులను, మహాసభలలో ఉపన్యసించే వారిని మనసులో ఉంచుకొని విచారించినారు. చేతిలో సుద్దముక్కతో నలభై మంది పిల్లల ఎదుట మొదటిసారి నిలిచిన ఇరవైమూడేండ్ల యువకుని గూర్చి విచారించిన వారు తక్కువ. కాని అధికారమనే సమస్య అక్కడ ఉన్నంత స్పష్టంగా మరెక్కడా ఉండదు. మంత్రిని ఎన్నుకొన్న ప్రజలు అయిదేండ్లకు ఒకసారి అతనిని దింపివేయగలరు. యజమాని నచ్చని కూలివాడు, ఎంత కష్టమైనా, మరొక వాకిలి తట్టగలడు. తరగతిలో కూర్చున్న తొమ్మిదేండ్ల పిల్లవాడు మాత్రం తన ఉపాధ్యాయుని తాను ఎన్నుకొనలేదు. అతనిని వదలి పోలేడు. తనకు జరిగిన అన్యాయాన్ని చెప్పుకొనే మాటలు సైతం ఆ ఉపాధ్యాయుని వద్దనే నేర్చుకోవలసి ఉన్నది. ఇట్టి వాని మీద మరొకరికి అప్పగించిన అధికారం ఏ ఆధారం మీద నిలుస్తుంది? దానిని ఏ విధంగా వినియోగిస్తే అది న్యాయమవుతుంది? ఇది గ్రంథాలలో మాత్రమే ఉండే ప్రశ్న కాదు. యువ ఉపాధ్యాయునికి ప్రతి ఉదయమూ, బడి గంట మోగిన క్షణాన, ఇది కొత్తగా ఎదురవుతుంది.

ఇట్టి ప్రశ్నను శూన్యంలో విచారించడం కంటె ఒక ప్రదేశంలో నిలిపి విచారించడం మేలు. జంషెడ్‌పూర్ నగరంలోని గోల్‌మురి అందుకు తగిన ప్రదేశం. 1907లో ఏర్పడిన టాటా కంపెనీ 1912లో సాక్చీ వద్ద ఉక్కు తయారీని ప్రారంభించినది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు వచ్చినది. మరుసటి సంవత్సరమే బర్మా ఆయిల్ కంపెనీ, టాటా కంపెనీ కలిసి గోల్‌మురిలో తగరపు పూత రేకుల కర్మాగారాన్ని స్థాపించినవి. కిరసనాయిలు దేశమంతటా పోవాలంటే డబ్బాలు కావాలి. డబ్బాలకు రేకు కావాలి. 1922లో అక్కడ రేకుల తయారీ మొదలైనది. ఆ పని ఎరిగిన వారిని వేల్సు దేశం నుండి రప్పించినారు. వారి ప్రక్కన నిలిచి, ఎర్రగా కాలిన రేకును పట్టకారుతో త్రిప్పడం, మడవడం నేర్చుకొన్నవారు ఈ దేశపు కార్మికులు. సంతాలులు, హో జాతివారు ఆ చుట్టుప్రక్కల పల్లెల నుండి వచ్చినారు; బెంగాలు, బీహారు, ఒరిస్సా, పంజాబుల నుండి ఎందరో వచ్చినారు; శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తెలుగువారు రైలెక్కి వచ్చి ఆ నగరంలో స్థిరపడినారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. తగరపు రేకుల కంపెనీ 2024లో టాటా స్టీలులో విలీనమైనది. అయినప్పటికి అది పోగుచేసిన జనం, వారి పిల్లలు, మనుమలు ఇప్పటికీ ఒకే తరగతి గదిలో అయిదారు భాషలవారుగా కూర్చుంటున్నారు.

ఇట్టి ఊరిలో పిల్లవాడు బడికి వచ్చేనాటికే నాయకత్వమంటే ఏమిటో కొంత ఎరిగి ఉంటాడు. తండ్రి నోట అతడు రెండు రకాల నాయకులను గూర్చి విన్నాడు. ఒకడు ఫోర్‌మన్: అతడు ఆజ్ఞాపిస్తాడు, కారణం చెప్పడు; కొలిమి ఎదుట కారణాలు చెప్పే తీరికా ఉండదు. రెండవవాడు కార్మిక నాయకుడు: అతడు వేదిక ఎక్కి మాట్లాడుతాడు, మాటతో మనుషులను కదిలిస్తాడు. 1928లో జంషెడ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగినది. సుభాష్ చంద్రబోసు అక్కడి కార్మిక సంఘానికి అధ్యక్షుడైనాడు. 1929లో గోల్‌మురి రేకుల కర్మాగారంలోనే సమ్మె నెలల తరబడి సాగినది. తరువాతి కాలంలో టాటా కార్మిక సంఘాన్ని నడిపినవాడు అబ్దుల్ బారీ. ఆయన కార్మిక రంగానికి రాకముందు అధ్యాపకుడు. నాయకుడైన తరువాత కూడ ప్రజలు ఆయనను ప్రొఫెసర్ బారీ అనే పిలిచినారు. 1947 మార్చిలో ఆయన తుపాకి గుండుకు బలియైనాడు. సంఘం మాత్రం నిలిచినది. గోల్‌మురిలోని కళాశాల నేడు ఆయన పేరు మీద ఉన్నది. నాయకుడు లేని దినాన నిలిచి ఉండే సంఘమే సంఘమని ఆ ఊరి చరిత్ర ఒక పాఠం చెప్పినది. ఈ పాఠం తరగతి గదికి వర్తిస్తుందా అనేదే ఇక్కడి విచారణ.

గోల్‌మురిలోని ఏదో ఒక పాఠశాలలో, కొత్తగా నియమితుడైన ఒక ఉపాధ్యాయుడు నాలుగవ తరగతికి హిందీ చెబుతున్నాడని ఊహించుకోవచ్చును. ఒక తెలుగు పిల్ల లేచి, బండి వచ్చినదని చెప్పబోయి, 'గాడీ ఆయా' అన్నది. 'ఆయీ' అనవలెను, హిందీలో గాడీ స్త్రీలింగం. తరగతిలో నవ్వు పుట్టినది. ఇక్కడ ఉపాధ్యాయుని ముందు మూడు దారులు ఉన్నవి. ఆ నవ్వులో తానూ కలిసి, పిల్లను కూర్చోబెట్టి, మరొకరి చేత సరియైన వాక్యం చెప్పించవచ్చును. నవ్వును గాని తప్పును గాని పట్టించుకొనక, 'ఫరవాలేదు' అని ముందుకు సాగవచ్చును. లేదా నవ్వు ఆగేవరకు నిలిచి, 'మీ ఇంట్లో ఈ మాట ఎట్లా అంటారు?' అని ఆ పిల్లను అడగవచ్చును. మూడవ దారి త్రొక్కితే ఆశ్చర్యకరమైన విషయం బయటపడుతుంది. తెలుగులో 'అమ్మ వచ్చింది', 'బండి వచ్చింది' అని స్త్రీకి, వస్తువుకు ఒకే క్రియ. 'నాన్న వచ్చాడు' అని పురుషునికి వేరొకటి. బెంగాలీ పిల్లవాని భాషలో ముగ్గురికీ ఒకే క్రియ. సంతాలీ పిల్లవాని భాషలో ఆడ, మగ అనే భేదం కంటె ప్రాణమున్నది, ప్రాణము లేనిది అనే భేదం ముఖ్యం. నవ్విన వారిలో ఎక్కువమంది ఇండ్లలో బండికి లింగమే లేదు. తప్పు చేసిన పిల్ల ఒక్కర్తె కాదు. హిందీ నియమం ముందు దాదాపు తరగతి అంతా ఆమెతోపాటే నిలిచి ఉన్నది. ఆ గంటలో పిల్లలు నేర్చుకొన్న వ్యాకరణం ఎప్పటికీ మరచిపోరు. దానికంటె ముఖ్యంగా, నవ్వు ఎవరి మీద పడకూడదో నేర్చుకొంటారు.

ఆ మూడు దారులు మూడు పాఠ పద్ధతులుగా కనబడుతవి. నిజానికి అవి మూడు నాయకత్వ రీతులు. ఈ రెంటినీ వేరుచేసి చూడడమే సామాన్యంగా జరిగే పొరపాటు. తరగతిని అదుపులో పెట్టడం ఒక విద్య, పాఠం చెప్పడం మరొక విద్య, మొదటిది వచ్చిన తరువాత రెండవది మొదలవుతుందని పెద్దలు యువ ఉపాధ్యాయునికి ఉపదేశిస్తారు. మొదటి నెల నవ్వకూడదని, పిల్లలను దగ్గరకు రానీయకూడదని, పట్టు చిక్కిన తరువాత సడలించవచ్చునని సలహా ఇస్తారు. ఈ సలహా దురుద్దేశంతో ఇచ్చినది కాదు, అనుభవంతోనే ఇచ్చినది. కాని దానిలో ఒక దోషం దాగి ఉన్నది. ఆ మొదటి నెలలోనే పిల్లలు తమ ఉపాధ్యాయుని వద్ద అతి ముఖ్యమైన పాఠం నేర్చుకొంటారు: ప్రశ్న అడగడం క్షేమమా కాదా, తెలియదని ఒప్పుకోవడం క్షేమమా కాదా అని. ఆ పాఠం ఒకసారి స్థిరపడిన తరువాత, రెండవ నెలలో సడలించిన పట్టు దానిని చెరపలేదు.

యువ ఉపాధ్యాయుడు కాఠిన్యాన్ని ఎందుకు ఆశ్రయిస్తాడో కొంత సానుభూతితో చూడవలసి ఉన్నది. అతడు స్వభావరీత్యా క్రూరుడు కాడు. అతడు భయపడుతున్నాడు. తన వయసు తన విద్యార్థుల అన్నల వయసు. ప్రక్క గదిలోని పెద్ద ఉపాధ్యాయుని తరగతి నిశ్శబ్దంగా ఉన్నది. తన తరగతి నుండి చప్పుడు వస్తే ప్రధానోపాధ్యాయుడు వసారాలో నిలిచి చూస్తాడు. ఆ చప్పుడు పిల్లలు లెక్కను గూర్చి వాదించుకొనడం వల్ల పుట్టినదా, పోట్లాట వల్ల పుట్టినదా అని వసారాలో నిలిచినవారు విడదీసి వినరు. కనుక అతడు తనది కాని కంఠస్వరాన్ని అరువు తెచ్చుకొంటాడు. మరొక యువకుడు ఇదే భయం వల్ల ఎదుటి దారి పట్టుతాడు. పిల్లల స్నేహాన్ని కొనుగోలు చేయడానికి చూస్తాడు, ఎవరికీ కాదనడు, పాఠం మధ్యలో కథలు చెబుతాడు, పరీక్షకు ముందు రాబోయే ప్రశ్నలు సూచిస్తాడు. కఠినుడు తనను గౌరవించాలని కోరుకొంటాడు, మెత్తనివాడు తనను ప్రేమించాలని కోరుకొంటాడు. ఇద్దరి దృష్టీ పిల్లల మీద కాదు, పిల్లల కన్నులలో కనబడే తమ ప్రతిబింబం మీద.

ఈ రీతుల భేదాన్ని ప్రయోగపూర్వకంగా పరీక్షించిన వారిలో కర్ట్ లెవిన్ ముఖ్యుడు. ఆయన జర్మనీలో పుట్టిన యూదుడు. 1933లో హిట్లరు అధికారానికి వచ్చిన తరువాత అమెరికా చేరినాడు. నాయకత్వ భేదం ఆయనకు పుస్తకంలోని విషయం కాదు, దేశం విడిచిపోవలసిన కారణం. అయోవా విశ్వవిద్యాలయంలో లిప్పిట్, వైట్ అనే సహచరులతో కలిసి ఆయన చేసిన పరిశోధన 1939లో వెలువడినది. పదేండ్ల బాలురను అయిదుగురేసి చొప్పున చిన్న సంఘాలుగా చేసి, మాస్కులు చేయడం వంటి పనులు అప్పగించినారు. ఒక రీతి నాయకుడు ప్రతి మెట్టూ తానే ఆజ్ఞాపించినాడు. తరువాతి మెట్టు ఏమిటో ముందుగా చెప్పలేదు. రెండవ రీతి నాయకుడు పని ఉద్దేశం మొదట వివరించి, మార్గాన్ని పిల్లలతో చర్చించి నిర్ణయించినాడు. మూడవ రీతి నాయకుడు సామగ్రి ఇచ్చి ఊరకున్నాడు. ఈ మూడవ రీతి మొదట ఉద్దేశించినది సైతం కాదంటారు. రెండవ రీతిని అనుసరించబోయిన ఒకరు దానిని పట్టుకొనలేక ప్రక్కకు తొలగినప్పుడు అది వేరొక రీతియని గుర్తించినారట. స్వేచ్ఛ ఇవ్వడం, చేతులు ముడుచుకోవడం ఒకటి కావని ఆ చిన్న సంఘటనే చెబుతున్నది.

ఫలితాలలో ఒకటి ప్రత్యేకంగా జ్ఞాపకం ఉంచుకోదగినది. నాయకుడు ఎదుట ఉన్నంతసేపు ఆజ్ఞలతో నడిచే సంఘాలు చక్కగానే పనిచేసినవి. అతడు గది విడిచిన వెంటనే పని జారిపోయినది. చర్చతో నడిచిన సంఘాలలో నాయకుడు ఉన్నా లేకున్నా పని దాదాపు ఒకే విధంగా సాగినది. ఆజ్ఞల క్రింద ఉన్న పిల్లలు కొన్నిచోట్ల నిర్జీవంగా లొంగిపోయినారు. కొన్నిచోట్ల నాయకుని మీద చూపలేని కోపాన్ని తమలోనే ఒక బలహీనుని మీద చూపినారు. రెండు రీతులనూ అనుభవించిన ఇరవై మంది బాలురలో పందొమ్మిది మంది చర్చించే నాయకునే మెచ్చుకొన్నారు. ఆజ్ఞాపించే వానిని మెచ్చుకొన్న ఆ ఒక్కడు సైన్యాధికారి కుమారుడు. ఈ వివరం నవ్వు తెప్పించేదిగా కనబడినా, దీనిలో ఉపాధ్యాయునికి పనికివచ్చే హెచ్చరిక ఉన్నది. పిల్లవాడు నాయకత్వపు నమూనాను ఇంటినుండి వెంట తెచ్చుకొంటాడు. ఫోర్‌మన్ ఆజ్ఞకు అలవాటుపడిన ఇంటినుండి వచ్చినవాడు మెత్తగా అడిగే ఉపాధ్యాయుని మొదట బలహీనుడనుకోవచ్చును. ఆ అనుమానం తీరడానికి ఒక దినం చాలదు. ఆ దినాలలోనే చాలామంది యువ ఉపాధ్యాయులు ఓర్పు కోల్పోయి బెత్తాన్ని గాని, బెత్తం వంటి నాలుకను గాని వెతుక్కొంటారు.

గోల్‌మురి కర్మాగారం ఈ సందర్భంలో ఒక మంచి ఉపమానాన్ని ఇస్తుంది. తెలుగు ఇండ్లలో ఇత్తడి గిన్నెకు కళాయి పూయించడం అందరూ ఎరిగినదే. ఉక్కురేకు మీద తగరపు పూత దానికి పెద్ద రూపం. పూత ఉన్నంతవరకు రేకు వెండి వలె మెరుస్తుంది, తుప్పు దరి చేరదు. కాని దాని మీద ఒక్క గీత పడి లోపలి ఇనుము గాలికి, తేమకు బయటపడితే, ఆ చోట తుప్పు మామూలు ఇనుముకంటె త్వరగా పాకుతుంది. తగరం తాను నిలిచి ఇనుమును బలి ఇస్తుంది. తుత్తునాగపు పూత, అనగా జింకు పూత, దీనికి విరుద్ధం. దాని మీద గీత పడినా, మొదట తాను తరుగుతుంది. లోని ఇనుమును కాపాడుతుంది. భయంతో వచ్చిన క్రమశిక్షణ తగరపు పూత వంటిది. ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన దినమే దాని మీద గీత. ఆనాడు ఆ తరగతి, ఏనాడూ అదుపు ఎరుగని తరగతికంటె ఎక్కువ అల్లరి చేస్తుంది. రెండవ రకపు నాయకత్వంలో నష్టం మొదట ఉపాధ్యాయుడే భరిస్తాడు. తన సమయం, తన గొప్పతనపు భ్రమ, తప్పక నెగ్గాలనే పట్టుదల, ఇవి కొంచెం కొంచెంగా తరిగిపోతవి. పిల్లవాని ఆత్మగౌరవం మాత్రం తరగదు.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. అమెరికాలోని సంఘంలో బాలురు అయిదుగురు. ఈ దేశపు తరగతిలో నలభై, అరవై మంది. అక్కడ మాస్కులు చేయడం పని. ఇక్కడ మార్చిలోగా ముగించవలసిన పాఠ్యప్రణాళిక ఉన్నది, పరీక్ష ఉన్నది, కూలిడబ్బులో మిగిల్చి ఫీజు కట్టిన తల్లిదండ్రుల ఆశ ఉన్నది. చర్చించి నిర్ణయించే తీరిక సంపన్నులకే చెల్లుతుందని, పేదపిల్లలకు కావలసినది గట్టిగా చదివించేవాడని వాదించేవారు ఉన్నారు. ఈ వాదంలో సగం నిజం ఉన్నది. అదుపు లేని తరగతిలో నష్టపోయేది బలహీనుడే. ఉపాధ్యాయుడు నాయకత్వం వదులుకొంటే అక్కడ స్వరాజ్యం రాదు. గొంతు పెద్దదైన వాడు, ముందు బల్లలో కూర్చున్న వాడు, ఇంట్లో ట్యూషను చెప్పించుకొనేవాడు రాజ్యం చేస్తారు. ఇంట్లో హిందీ మాట్లాడని పిల్ల, మొదటిసారిగా బడి మెట్టెక్కిన కుటుంబపు పిల్లవాడు వెనుక బల్లలో మౌనంగా మిగిలిపోతారు. కనుక నాయకత్వం వలదనడం దయ కాదు. అయితే ఈ సగం నిజం నుండి కాఠిన్యం అవసరమనే నిర్ణయం రాదు. బలహీనుని కాపాడడానికి నాయకుడు కావాలి. ఆ కాపాడుటకే బలహీనుని మొదట బెదిరించవలసి వస్తే, ఆ నాయకత్వం తన ప్రయోజనాన్ని తానే చెరుపుకొన్నదవుతుంది.

చట్టం ఈ విషయంలో కొంత ముందుకు నడిచినది. 2009లో చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని మాత్రమే కాక మానసికంగా హింసించడాన్ని కూడ నిషేధించినది. బెత్తం పోయిన తరువాత తమ చేతులు కట్టివేసినారని వాపోయే ఉపాధ్యాయులు లేకపోలేదు. వారి ఫిర్యాదులో ఒక ఒప్పుకోలు ఇమిడి ఉన్నది: ఇంతవరకు ఆ తరగతి తమ వెంట కాక, బెత్తం వెంట నడిచినదని. కాని చట్టం చేతిని ఆపగలిగినంత సులభంగా ఎత్తిపొడుపును ఆపలేదు. 'మీ నాన్న వలె రేకులు మోయడానికే పుట్టినావు' అనే ఒక్క వాక్యం ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు. కొలిమి వేడికి నిలిచి తన కుమారుని బడికి పంపిన తండ్రిని ఆ వాక్యం కుమారుని ఎదుటనే చిన్నబుచ్చుతుంది. శరీరం మీది దెబ్బకంటె అది లోతుగా దిగుతుంది. దానిని ఆపగలిగినది ఉపాధ్యాయుని మనస్సాక్షి మాత్రమే.

ఐతే న్యాయమైన నాయకత్వం ఎక్కడ ఉంటుంది? ఉపన్యాసంలో కాదు, నడకలో కాదు, కంఠస్వరంలో కాదు. అతి చిన్న బోధనా పద్ధతులలో ఉంటుంది. ఉదాహరణకు, ప్రశ్న వేసిన తరువాతి మౌనం. మేరీ బడ్ రో అనే అమెరికా విదుషి 1970 దశకంలో తరగతులను పరిశీలించి, ప్రశ్న వేసిన ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని కనిపెట్టినది. ఆ మౌనాన్ని మూడు సెకన్లకు పెంచినప్పుడు జవాబులు దీర్ఘమైనవి, అంతవరకు నోరు విప్పని పిల్లలు సైతం మాట్లాడసాగినారు. రెండు సెకన్లలో ఏమున్నదని అడగవచ్చును. తన ఇంటి భాషలో ఆలోచించి బడి భాషలో చెప్పవలసిన పిల్లకు ఆ రెండు సెకన్లే వంతెన. వేగంగా జవాబు చెప్పేవానికి మాత్రమే అవకాశమిచ్చే ఉపాధ్యాయుడు, నోటితో ఎంత సమానత్వం బోధించినా, చేతితో వివక్షనే నేర్పుతున్నాడు. మౌనాన్ని భరించడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యమే నాయకత్వం.

మరొక ఉదాహరణ తరగతి మానిటరు. ఉపాధ్యాయుడు గది దాటగానే ఒక పిల్లవాడు సుద్దముక్క పట్టుకొని, మాట్లాడిన వారి పేర్లు నల్లబల్ల మీద రాయడం ఈ దేశంలో చదువుకొన్న వారందరూ ఎరిగిన దృశ్యం. స్నేహితుని పేరు రాయనివాడు, పగవాని పేరు రెండుసార్లు రాసేవాడు, పేరు చెరిపించుకొనడానికి పెన్సిలు ఇవ్వజూపేవాడు, అందరూ అక్కడ ఉంటారు. అధికారం మనిషిని ఏమి చేస్తుందో పిల్లలు అక్కడనే మొదట నేర్చుకొంటారు. కాని ఈ పదవికి మరొక చరిత్ర ఉన్నది. 1789లో మద్రాసులోని బాలుర అనాథాశ్రమానికి అధికారియైన ఆండ్రూ బెల్, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూచి, ఆ పద్ధతి తన బడిలో ప్రవేశపెట్టబోయినాడు. పెద్ద ఉపాధ్యాయులు సహకరించకపోగా, ఎనిమిదేండ్ల బాలుని చేత చిన్నవారికి నేర్పించినాడు. 1797లో ఆయన లండనులో ప్రకటించిన వివరణ తరువాత అది మద్రాసు పద్ధతి అనే పేరుతో ఇంగ్లండు అంతటా వ్యాపించినది. అక్కడ తోటివానికి అక్షరం చూపినవాడు మానిటరు. ఇక్కడ తోటివాని మీద కాపలా కాసేవాడు మానిటరు. పేరు ఒకటే, నీతి వేరు. యువ ఉపాధ్యాయుడు తన మానిటరుకు సుద్దముక్క ఇచ్చి ఏమి రాయమంటాడో అనే ఒక్క విషయాన్ని బట్టి అతని నాయకత్వ రీతిని తెలిసికొనవచ్చును.

ఉపాధ్యాయుడు నేర్చుకొనేవాడుగా కనబడితే అతని అధికారం తగ్గుతుందనే భయం యువకులలో సామాన్యం. గోల్‌మురికి వలస వచ్చిన తెలుగువారి స్వస్థలమైన శ్రీకాకుళ సీమ నుండియే దీనికి సమాధానం దొరుకుతుంది. 1863లో శ్రీకాకుళం సమీపాన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైనాడు. అప్పటికి ఆయన వయసు పదిహేడేండ్లు. ఆ చుట్టుప్రక్కల కొండలలో ఉండే సవరలకు విద్య లేదు. వారి భాషలో పుస్తకం లేదు. ఆయన వారికి తెలుగు నేర్పడంతో మొదలుపెట్టలేదు. వారి భాషను తాను నేర్చుకోవడంతో మొదలుపెట్టినాడు. ఏండ్ల తరబడి శ్రమించి, సవర పాఠాలు రాసి, బడులు పెట్టించినాడు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడినవి. తెలుగును వాడుక భాషలో బోధించాలని ఆయన చేసిన ఉద్యమం కూడ, పిల్లవాడు ఉన్నచోటికి ఉపాధ్యాయుడు వెళ్లాలనే ఈ నియమం నుండి పుట్టినదే అనవచ్చును. జంషెడ్‌పూర్‌కు దక్షిణాన మయూర్‌భంజ్‌లో 1905లో పుట్టిన రఘునాథ్ ముర్ము 1925లో, ఇరవై ఏండ్ల ప్రాయంలో, సంతాలీ భాషకు ఓల్ చికీ లిపిని కల్పించినాడు. ఆయన కూడ బడి ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడే. 2003లో సంతాలీ రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. ఈ ఇద్దరి వెంట ప్రజలు నడిచినారు. కాని వారు మొదట ప్రజల వెంట నడచినవారు. యౌవనం వారికి అడ్డు కాలేదు. నేర్చుకొనే సిగ్గు లేకపోవడం యౌవనానికి సహజమైన బలం. దానిని దాచిపెట్టి, లేని వార్ధక్యాన్ని అభినయించే యువ ఉపాధ్యాయుడు తన మూలధనాన్ని పారవేసుకొంటున్నాడు.

భారతీయ సంప్రదాయంలో గురువుకు ఇచ్చిన స్థానం అత్యున్నతం. అందువల్ల గురువు అధికారానికి హద్దులేదని భావించేవారు ఉన్నారు. కాని తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి పోయే శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశం వేరొక విధంగా ఉన్నది. తమ నడవడిలో మంచిది ఏదో దానినే అనుసరించమని, తక్కినది విడువమని ఆయన శిష్యుని హెచ్చరిస్తాడు. అనగా గురువే తనను పరీక్షించే అధికారాన్ని శిష్యునికి అప్పగిస్తున్నాడు. ఆ మాట చెప్పగలిగిన గురువుకు, అంతకుముందు సంవత్సరాలన్నిటిలోను శిష్యునికి మంచి చెడ్డల వివేకం నేర్పి ఉండవలెను. లేనిచో చివరి దినాన చేసిన ఆ ఉపదేశానికి అర్థం ఉండదు. ఉపాధ్యాయుని అధికారానికి ఉన్న ఒకే ఒక న్యాయమైన ఆధారం ఇక్కడ దొరుకుతుంది: అది తాను ముగిసిపోయే దినం కోసం పనిచేసే అధికారం. రాజు తన రాజ్యం నిలవాలని పాలిస్తాడు; ఉపాధ్యాయుడు తన అవసరం తీరాలని పాలిస్తాడు. తన వద్దకు వచ్చినప్పటికంటె వెళ్లేటప్పుడు తనను తక్కువ భయపడే, తనతో ఎక్కువ చక్కగా విభేదించగలిగే శిష్యుడే అతని నాయకత్వానికి సాక్ష్యం.

ఈ కొలమానం కఠినమైనది. దీని ప్రకారం ఏ సంవత్సరాంతపు తనిఖీ కాగితమూ, ఏ ఉత్తీర్ణతా శాతమూ, ఏ నిశ్శబ్దమైన వసారా కూడ చాలదు. పరీక్షలో తొంబై మార్కులు తెచ్చుకొన్న పిల్లవాడు వెనుక బల్లలోని తోటివానిని చూచి నవ్వితే, ఆ మార్కుల మీద ఉపాధ్యాయునికి గర్వపడే హక్కు సగమే ఉన్నది. ఉపాధ్యాయుడు మొదటి సంవత్సరంలోనే ఈ స్థితికి చేరలేడు, పొరపాట్లు చేస్తాడు, ఒకనాడు కేకలు వేస్తాడు, మరొకనాడు వదలివేస్తాడు. కేకలు వేసిన మరునాడు తరగతి ఎదుట తన తప్పు ఒప్పుకొనగలిగితే, ఆ ఒక్క ఒప్పుకోలు వంద నీతిపాఠాలకు సమానం. పెద్దవారు తప్పు ఒప్పుకోవడం ఆ పిల్లలలో చాలామంది అంతవరకు చూచి ఉండరు.

గోల్‌మురిలోని ఆ నాలుగవ తరగతి గదికి మరొకసారి వెళ్లవచ్చును. ఆఫీసు నుండి కబురు వచ్చి ఉపాధ్యాయుడు బయటికి పోయినాడు. పాఠంలో ఒక వాక్యం మధ్యలో ఆగిపోయి ఉన్నది. గదిలో చప్పుడు ఉన్నది; పూర్తి నిశ్శబ్దం పిల్లలకు సహజం కాదు. తెలుగు పిల్ల మళ్లీ ఒక లింగం తప్పుగా పలికినది. ప్రక్కనున్న సంతాలీ బాలుడు నవ్వలేదు. ఏ మాటకు 'ఆయా', ఏ మాటకు 'ఆయీ' అని తనకు తెలిసినంతవరకు వేళ్ల మీద లెక్కించి చెబుతున్నాడు. అతని లెక్కలోనూ ఒకటి తప్పు. ఇద్దరూ వాదించుకొంటున్నారు. ఆ వాదాన్ని వసారాలో నిలిచి వినేవారికి అది అల్లరిగా తోచవచ్చును. కాని ఆ గదిలో ఉపాధ్యాయుడు లేకపోయినా ఉపాధ్యాయత్వం ఉన్నది. ఆజ్ఞాపించేవాడు లేకపోయినా నాయకత్వం ఉన్నది. యువ ఉపాధ్యాయుడు తిరిగి వచ్చి గుమ్మం వద్ద ఒక క్షణం ఆగి ఆ మాటలు విన్నట్లయితే, తనకు ఆ తరగతి మీద ఎంత అధికారం ఉన్నదో, దానిని తాను ఎంత న్యాయంగా వినియోగించినాడో, అతనికి మరొకరు చెప్పనవసరం లేదు.